సొంతూరికి కెమెరాతో వెళ్లే ప్రవాస దర్శకులకు: ఇంటివాళ్లనూ పాత చోట్లనూ చిత్రించే పద్ధతి

విదేశంలో స్థిరపడి సినిమాల్లోనో, డాక్యుమెంటరీల్లోనో, ప్రకటన చిత్రాల్లోనో పని చేస్తున్న తెలుగువాళ్లలో చాలామందికి సెలవు మీద ఇంటికి బయలుదేరే ముందు ఒకే ఆలోచన వస్తుంది: ఈసారైనా అమ్మానాన్నలనూ, అమ్మమ్మనూ, చిన్నప్పుడు తిరిగిన చోట్లనూ పద్ధతిగా చిత్రించి పెట్టుకోవాలని. ఆలోచన మంచిదే. తీరా తిరిగి వెళ్లి చూసుకుంటే కార్డుల నిండా గోదావరి మీద సూర్యాస్తమయాలు, రైలు వంతెన, గుడి గోపురం, వీధి చివరి టీ బండి ఉంటాయి. అమ్మ గొంతు ఉన్నది పది నిమిషాలు, అదీ ఫ్యాను మోత వెనక. వంతెనను ఎవరైనా తీయగలరు, ఇప్పటికే ఎందరో తీశారు. మీ అమ్మగారి వంటింట్లోకి కెమెరాతో వెళ్లి, ఆవిడ పని ఆపకుండానే మాట్లాడించగలిగింది మీరొక్కరే. అందుకని ఉన్న సెలవులో ఎక్కువ భాగం ఇంటికీ, మనుషుల గొంతులకూ, వాళ్ల చేతిపనికీ కేటాయించి, మిగిలిన సమయంలోనే ఊరు తిరగాలన్నది ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. ఉదాహరణలు నేనెరిగిన రాజమండ్రి నుంచి ఇస్తున్నాను. మీ ఊరు తెనాలి అయినా, సిరిసిల్ల అయినా పద్ధతి పెద్దగా మారదు.

కాగితాలు, సామాను, కాలం

ముందు మీ ప్రయాణం ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవాలి. ఇంటివాళ్లను ఇంటి జ్ఞాపకం కోసం చిత్రించుకోవడం వేరు, టెలివిజన్ సంస్థకో, పంపిణీదారుకో ఇవ్వడానికి సినిమా తీయడం వేరు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు భారతదేశంలో డాక్యుమెంటరీ తీయాలంటే తాము ఉంటున్న దేశంలోని భారత రాయబార కార్యాలయం ద్వారా విదేశాంగ మంత్రిత్వ శాఖ అనుమతి తీసుకోవాలి. కథా చిత్రాలకైతే జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ నడిపే ఇండియా సినీ హబ్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) ఉంది కదా అని ధీమాగా ఉండటానికి వీల్లేదు. 2021 మార్చిలో వెలువడిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ కార్డుదారులు పాత్రికేయ కార్యకలాపాలు చేయాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి. మీరు తీసేది ఏనాటికైనా బయట ప్రదర్శించాలనే ఉద్దేశం ఉంటే ఈ సంగతి బయలుదేరడానికి కొన్ని నెలల ముందే విచారించుకోండి.

డ్రోను తీసుకు వెళ్లవద్దు. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించారు, విమానాశ్రయంలోనే కస్టమ్స్ అధికారులు స్వాధీనం చేసుకుంటారు. పైనుంచి తీసిన షాట్ తప్పదనుకుంటే లైసెన్సు ఉన్న స్థానిక ఆపరేటరును మాట్లాడుకోండి. రాజమండ్రికి మధురపూడిలో విమానాశ్రయం ఉంది కాబట్టి ఏ చోట ఎగరవేయవచ్చో, ఏ చోటికి ముందస్తు అనుమతి కావాలో డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో చూసి చెప్పే బాధ్యత కూడా అతనిదే. నా మటుకు నాకు ఇంటి గురించి తీసే సినిమాలో డ్రోను షాట్ల అవసరం ఎప్పుడూ కనపడలేదు. మన ఇంటిని మనం ఏనాడూ ఆకాశం నుంచి చూడలేదు కదా.

కెమెరా ఒకటి, లెన్సులు రెండు చాలు. పెద్ద సామానుతో దిగితే కస్టమ్స్‌లో ప్రశ్నలు, ఇంట్లో బెదురు రెండూ పెరుగుతాయి. ప్రతి వస్తువు సీరియల్ నంబరు, కొన్నప్పటి బిల్లు ఒక కాగితం మీద సిద్ధంగా ఉంచుకోండి. ఖరీదైన సామాను ఉంటే దాచకుండా రెడ్ ఛానల్‌లో (కస్టమ్స్‌కు సామాను చూపించవలసినవారి వరసలో) చూపించడమే క్షేమం. లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల లోపువాటికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. 100 నుంచి 160 మధ్యవైతే విమాన సంస్థ అనుమతితో రెండు మాత్రమే తేవచ్చు.

అమెరికా నుంచి వచ్చేవారు ఒక సాంకేతిక విషయం ముందే గుర్తుంచుకోవాలి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడిది 50 హెర్ట్జ్. అక్కడ అలవాటైన 1/60 షటర్ మీద మన ట్యూబులైట్లు, చవకరకం ఎల్ఈడీ బల్బులు తెర మీద మినుకుమినుకుమంటాయి. 24 ఫ్రేముల్లో తీసినా, 25లో తీసినా షటర్‌ను 1/50 దగ్గర పెట్టండి. 30 ఫ్రేముల్లోనే తీయాలనుకుంటే 1/50 గానీ 1/100 గానీ వాడండి. రాత్రి భోజనాల దగ్గర అందరూ కూర్చున్న దృశ్యం ఈ చిన్న పొరపాటు వల్ల పాడైతే మళ్లీ తీయడం కుదరదు.

ఏ కాలంలో వెళ్లాలన్నది మీ చేతిలో ఉంటే, ఏం తీయాలనుకుంటున్నారో దాన్నిబట్టి నిర్ణయించుకోండి. సంక్రాంతికైతే తెల్లవారుజామున గోదావరి మీద మంచు, భోగిమంట, ముగ్గుల మీద గొబ్బెమ్మలు, హరిదాసు అన్నీ దొరుకుతాయి. ఇల్లు మాత్రం చుట్టాలతో కిక్కిరిసి ఉండటం వల్ల ఎవరితోనూ నింపాదిగా కూర్చుని మాట్లాడే వీలుండదు. మే నెలలో ఎండ మాడ్చేస్తుంది, అయితే ఆవకాయ పెట్టేది అప్పుడే. జులై, ఆగస్టుల్లో వరద నీరు ఎర్రగా దిగి గోదావరి అసలు రూపం చూపిస్తుంది. పెద్దవాళ్లను మాట్లాడించడమే ముఖ్యమనుకున్నవారు పండగలూ పెళ్లిళ్లూ లేని రోజులు ఎంచుకోవాలని నా సలహా.

మొదటి రోజులు

దిగిన రోజే కెమెరా ఎక్కుపెట్టవద్దు. అలాగని దాన్ని పెట్టెలో దాచనూ వద్దు. ముందు గదిలో బల్ల మీద అందరికీ కనపడేలా ఉంచండి, పిల్లలు అడిగితే చేతికిచ్చి చూడనివ్వండి. రెండు మూడు రోజుల్లో అది ఇంట్లో మరో వస్తువు అయిపోతుంది. ఆ రోజుల్లో మీరు చేయవలసిన పని వేరే ఉంది: ఇంటి దినచర్యను గమనించడం. ఏ గదిలోకి ఎప్పుడు ఎండ పడుతుంది, నాన్నగారు పేపరు ఎక్కడ కూర్చుని చదువుతారు, పాలు ఎప్పుడు వస్తాయి, అమ్మకు పనిలో కాస్త ఊపిరి దొరికేది ఎప్పుడు, ఇవన్నీ చిన్న పుస్తకంలో రాసుకోండి. మీరు వదిలి వెళ్లినప్పటి దినచర్య ఇప్పుడు ఉండదు. మందుల వేళలు వచ్చి ఉంటాయి, సీరియల్ వేళలు మారి ఉంటాయి, పెరట్లోకి వెళ్లే మెట్లు దిగడం మానేసి ఉంటారు.

ప్రయాణపు బడలిక వల్ల తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వస్తుంది. దాన్ని వాడుకోండి. అమ్మ లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసే వేళకు మీరు సిద్ధంగా ఉండగలిగేది ఆ మొదటి వారంలోనే. తరువాత నిద్ర సర్దుకుంటుంది, మీరు లేచేసరికి ముగ్గు ఆరిపోయి ఉంటుంది.

ఏసీ గదిలో రాత్రంతా ఉన్న కెమెరాను ఒక్కసారిగా బయటికి తెస్తే గోదావరి జిల్లాల ఉక్కకు లెన్సు మీద తేమ పట్టేస్తుంది. సంచి మూసి ఉండగానే బయట గదిలో అరగంట ఉంచి, ఆ తరువాత తెరవండి.

పెద్దవాళ్లను మాట్లాడించడం

అన్నిటికన్నా ఓర్పు కావలసింది ఇక్కడే. కుర్చీ వేసి, వెనక కర్టెన్ సర్ది, లైటు పెట్టి, కాలరుకు మైకు తగిలించిన మరుక్షణం మన పెద్దవాళ్లు సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. వాక్యాలు పొందికగా వస్తాయి, యాస పోతుంది, 'ఆయ్' అన్న మాట మాయమవుతుంది. మీకు కావలసింది ఆ మాట. అందుకని వాళ్లు రోజూ కూర్చునే చోటే, రోజూ చేసే పని చేస్తుండగానే మాట్లాడించండి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడు, పూలు మాల కడుతున్నప్పుడు, మడత మంచం మీద దుప్పటి సర్దుతున్నప్పుడు చేతులకు పని ఉంటుంది కాబట్టి కెమెరా వైపు ధ్యాస తక్కువగా ఉంటుంది. వాళ్లు నేల మీద కూర్చుంటే మీరూ కెమెరాను కిందికి దించి నేల మీదే కూర్చోండి. నిలబడి పైనుంచి తీసిన ముసలివాళ్ల ముఖాలు ఎంత ప్రేమతో తీసినా దీనంగా కనపడతాయి.

పిలుపు మార్చవద్దు. అమ్మను మీరు 'నువ్వు' అనే పిలిచేవారైతే కెమెరా ముందు 'మీరు' అనడం మొదలుపెడితే ఆవిడ కూడా మీతో పరాయివాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. పెదనాన్నగారిని 'అండీ' అనే సంబోధించే ఇల్లయితే ఆ మర్యాద అలాగే ఉంచండి, చనువు నటించవద్దు. మీ గొంతు సినిమాలో వినపడినా నష్టం లేదు. "మామ్మా, ఆ కాలువ పేరేంటన్నావు?" అని మీరు అడగడం, "ఏరా, చిన్నప్పుడు అందులోనే కదా నువ్వు పడ్డావు" అని ఆవిడ అనడం, రెండూ కలిస్తేనే అది మీ ఇంటి సినిమా అవుతుంది.

ప్రశ్న ఎంత చిన్నదైతే జవాబు అంత పెద్దది వస్తుంది. "నీ జీవితం గురించి చెప్పు" అంటే "చెప్పడానికేముంది నాయనా, అలా గడిచిపోయింది" అంటారు. దానికి బదులు కాపురానికి వచ్చిన రోజు ఈ ఇంటి ముందు ఏ బండి దిగారో, గుమ్మంలో ఎవరు హారతి ఇచ్చారో, మొదటిసారి ఏం వండారో అడగండి. ఊరంతటికీ తెలిసిన సంఘటనలు కూడా జ్ఞాపకాన్ని లాగడానికి బాగా పనికివస్తాయి: 1986 ఆగస్టు వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయి, 1996 నవంబరు తుఫాను రాత్రి ఎవరింట్లో తలదాచుకున్నారు, 1974లో రోడ్డు కం రైలు వంతెన రాకముందు కొవ్వూరు వెళ్లాలంటే ఎలా వెళ్లేవారు. ఈ చివరి ప్రశ్నకు మా వైపు పెద్దవాళ్లు లాంచీ రేవు, టిక్కెట్టు, గాలి ఎక్కువైన రోజు నది మధ్యలో పడ్డ భయం, లాంచీలో అమ్మిన జామకాయలు, ఇలా ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోతారు. సంవత్సరాలు తప్పు చెబితే అక్కడికక్కడ దిద్దవద్దు, తరువాత చూసుకోవచ్చు.

పక్కన కూర్చున్నవాళ్లు దిద్దుతారు, అది వేరే సంగతి. "అది పెద్దాడు పుట్టిన ఏడు కాదు, అంతకు ముందే" అని పెదనాన్నగారు అందుకుంటారు, అమ్మమ్మ ఒప్పుకోదు. అప్పుడు కెమెరా ఆపవద్దు, ఇద్దరినీ ఫ్రేములోకి తెచ్చుకోండి. ఒక కుటుంబం తన చరిత్రను ఎలా నిలుపుకుంటుందో ఆ వాదనలోనే కళ్లకు కడుతుంది. ఇంకో రోజు మాత్రం ఆడవాళ్లను విడిగా మాట్లాడించండి. అత్తగారి ఎదుట కోడలు చెప్పని మాటలు, భర్త ఎదుట భార్య చెప్పని మాటలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మీరు మగవారైతే కెమెరా స్థిరంగా పెట్టి, ప్రశ్నలు అడిగే పని మీ అక్కకో, మరదలికో, మేనకోడలికో అప్పగించి బయటికి వెళ్లడం మేలు.

మగవాళ్లు, ముఖ్యంగా తండ్రులు, ఎదురుగా కూర్చుంటే రెండు మాటల్లో ముగించేస్తారు. వాళ్లను నడకకు తీసుకువెళ్లండి. చిన్న వైర్‌లెస్ మైకు చొక్కాకు తగిలించి, పుష్కర ఘాట్ దగ్గరికో, పాత ఆఫీసు వీధికో తీసుకువెళ్లి పక్కపక్కనే నడుస్తుంటే ముఖాముఖి చూసుకోవలసిన అవసరం ఉండదు, మాట దానంతటదే వస్తుంది.

ఒకసారి కూర్చుంటే నలభై నిమిషాలకు మించవద్దు. ఉదయం కాఫీ, టిఫిన్ అయిన తరువాతి వేళ మంచిది. భోజనం తరువాత కునుకు పాడుచేయకూడదు. కంటి ఆపరేషన్ అయినవారి ముఖం మీదికి లైటు వేయవద్దు, కిటికీ పక్కన కూర్చోబెడితే చాలు. "సరే, అయిపోయింది" అని మీరు అన్న తరువాత కూడా రెండు మూడు నిమిషాలు కెమెరాను నడవనివ్వండి. అసలు మాట చాలాసార్లు అప్పుడు బయటికి వస్తుంది. అది రికార్డయిన సంగతి ఆ వెంటనే వాళ్లకు చెప్పి, ఉంచుకోవచ్చా అని అడగడం మాత్రం మరవకూడదు.

చేతిపని: ఆవకాయ ఉదాహరణ

ఇంట్లో జరిగే ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా చిత్రించండి. ఆవకాయ అందుకు చక్కటి ఉదాహరణ, ఎందుకంటే అందులో కొలతా, చెయ్యీ, మాటా మూడూ ఉన్నాయి. పుల్లటి ముదురు కాయలను కడిగి, తడి లేకుండా తుడిచి, కత్తితో టెంకతో సహా ముక్కలు కొడతారు. కత్తి టెంక మీద పడ్డ చప్పుడు కోసం మైకును దగ్గరగా, నేలకు తగలకుండా మెత్తటి గుడ్డ మీద పెట్టండి. తరువాత జీడి తీసేసి, టెంక లోపలి పల్చటి పొరను పొడిగుడ్డతో తుడిచేస్తారు. ఈ పని దాదాపు ఎప్పుడూ ఇంట్లోని పిల్లలకూ, పెద్ద వయసువాళ్లకూ పడుతుంది, కబుర్లన్నీ అక్కడే నడుస్తాయి. దగ్గరగా తీయవలసిన చోటు అది. కారం, ఆవపిండి, ఉప్పు కలిపేటప్పుడు కెమెరాను కొంచెం దూరంగా ఉంచి పొడవు లెన్సుతో తీయాలి. పొడి లెన్సు రింగుల్లోకి, బటన్ల సందుల్లోకి చేరితే తీయడం కష్టం, ఘాటుకు మీ కళ్లూ మండుతాయి.

మీ అమ్మ కొలతకు వాడే గిన్నెను తప్పకుండా విడిగా చిత్రించండి. "ఈ సోలతో మూడు" అని ఆవిడ చెప్పేది ఆ ఒక్క సోలకే వర్తిస్తుంది. ముక్కలు నూనెలో ముంచి, పిండిలో పొర్లించి జాడీలోకి వేస్తున్నప్పుడు మాట్లాడించవద్దు, ఆ సమయంలో లెక్క తప్పుతుంది. కలిపిన పళ్లెంలో మిగిలిన పిండిలో వేడి అన్నం వేసి, కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ల చేతుల్లో ముద్దలు పెడతారు. ఆ ముద్ద మీకూ పెడతారు. కెమెరాను స్టాండు మీద పెట్టేసి మీరూ చెయ్యి చాపండి, ఫ్రేములో మీరున్న దృశ్యం ఒక్కటైనా ఉండాలి కదా. మూడో రోజున జాడీ తెరిచి తిరగకలుపుతారు. ఊరికే పనులన్నీ మొదటి రోజే అయిపోయాయనుకుని ఆ రోజుకు వేరే ప్రయాణం పెట్టుకోవద్దు. ఊట ఎంత దిగింది, ఉప్పు సరిపోయిందా అన్న తీర్పు వచ్చేది ఆనాడే.

మీ ఇంట్లో ఆవకాయ కాకపోతే మరొకటి ఉంటుంది. ఆత్రేయపురం వైపు బంధువులుంటే బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను పరిచి పూతరేకు తీసే చెయ్యి ఉంటుంది. మగ్గం నేసే ఇల్లు, వడ్రంగం ఇల్లు, మిషను కుట్టే ఇల్లు, ఏదైనా సరే, ముఖం కన్నా ముందు చేతులు తీయండి.

ధ్వని

బొమ్మ కొంచెం చీకటైనా చూడగలం, మాట వినపడకపోతే ఆ దృశ్యం ఎందుకూ పనికిరాదు. సీలింగ్ ఫ్యాను, ఫ్రిజ్, ఇన్వర్టర్, ఎదురింటి మోటారు, గుడి మైకు, ఇవన్నీ మన ఇళ్లలో తప్పవు. ఫ్యాను ఆపితే ఐదు నిమిషాల్లో అందరికీ చెమట పడుతుంది కాబట్టి, ఫ్యాను ఆపగలిగిన తెల్లవారుజాము వేళలోనో, మైకును నోటికి జానెడు దూరంలో పెట్టి ఫ్యాను తక్కువ వేగంలో తిరుగుతుండగానో రికార్డు చేయండి. చీర కట్టుకున్నవారికి మైకును పమిట అంచు లోపల పెడితే జారుడుకు రాపిడి చప్పుడు వస్తుంది. జాకెట్టు మెడ దగ్గర, పైకి కనపడేలా పెట్టడమే మంచిది. అది కనపడితే ఏమీ తప్పు లేదు. మైకు పెట్టే పని ఇంట్లోని ఆడవాళ్ల చేత చేయించండి. చొక్కా లేకుండా తువ్వాలు వేసుకుని కూర్చునే తాతగారికైతే మైకును పడకకుర్చీ చేతికి కట్టవచ్చు.

ఎవరూ మాట్లాడకుండా ప్రతి గదిలోనూ రెండేసి నిమిషాల ధ్వని రికార్డు చేసుకోండి, ఎడిటింగులో అది లేక ఇబ్బంది పడతారు. విడిగా కొన్ని శబ్దాలు కూడా సేకరించండి: గేటు గొళ్లెం, నూతి గిలక ఇంకా ఉంటే అది, కుక్కరు కూత, వీధిలో కూరగాయల బండి కేక, రాత్రి వంతెన మీద రైలు దాటుతున్న దూరపు మోత.

పాత ఫొటోలు, ఉత్తరాలు, క్యాసెట్లు

బీరువా పైఅరలో అవి ఉంటాయి. స్కానరు దొరికితే సరే, లేకపోతే ఫొటోను కిటికీ పక్కన ఎండ నేరుగా పడని చోట బల్ల మీద పరిచి, కెమెరాను సరిగ్గా పైనుంచి కిందికి గురిపెట్టి తీయండి. అద్దం కట్టిన పటాలకు నల్లగుడ్డ అడ్డం పెట్టుకుంటే ప్రతిబింబం పడదు. ఆల్బంలో అంటుకుపోయిన ఫొటోను పీకవద్దు, పేజీతో సహా తీయండి. ప్రతి ఫొటో వెనకవైపు కూడా తీయాలి. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరి చేతిరాతో ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఫొటోలు చూస్తూ అమ్మ ఒక్కొక్కరి పేరూ వరసా చెబుతుండగా రికార్డు చేయడం: "ఇది మా చిన్నత్తయ్య, ఈ పక్కన ఉన్నది ఆవిడ తోటికోడలు" అన్న ఆ మాటలు పోతే ఆ ఫొటోలోని ముఖాలు ఎవరివో చెప్పేవాళ్లుండరు. పెళ్లి వీడియో క్యాసెట్లకు బూజు పట్టి ఉంటే ఇంట్లోని పాత వీసీఆర్‌లో పెట్టి చూడవద్దు, టేపు నలిగిపోతుంది. శుభ్రం చేసి డిజిటల్‌గా మార్చేవారికే ఇవ్వండి.

పాత చోట్లు

ఊరి దగ్గరికి వస్తే, నా నియమం ఒకటే: ఏ చోటికైనా ఆ చోటుతో సంబంధం ఉన్న మనిషిని వెంటబెట్టుకుని వెళ్లాలి. దాదాపు నూరేళ్లు రైళ్లను మోసి 1997లో విరమించుకున్న హేవలాక్ వంతెనను ఒంటరిగా తీస్తే వచ్చేది వంతెన బొమ్మ. దాని మీద నిత్యం ప్రయాణించి అవతలి ఒడ్డున ఉద్యోగం చేసిన మీ మావయ్యతో తీస్తే అందులో ఒక జీవితం ఉంటుంది. గౌతమీ గ్రంథాలయానికి అక్కడ చదువుకున్నవారితో, దామెర్ల రామారావు చిత్రశాలకు మీకు బొమ్మలు నేర్పిన మాస్టారితో, ధవళేశ్వరం ఆనకట్టకు కాలువ నీటి మీద సేద్యం చేసిన చుట్టంతో వెళ్లండి.

సినిమావాళ్లకు రాజమండ్రిలో ఇంకో ఆసక్తి ఉంటుంది. 1936లో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టింది ఈ ఊళ్లోనే. మన గడ్డ మీద జరిగిన ఆ తొలినాటి ప్రయత్నం గురించి ఊళ్లో పెద్దవాళ్లు తమ తండ్రుల నుంచి విన్నదేదైనా ఉంటే రికార్డు చేయడం ఎంతో విలువైన పని. మీరు చిన్నప్పుడు సినిమాలు చూసిన హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలుగానో, షాపింగు సముదాయంగానో మారి ఉండవచ్చు. భవనం పోయినా ఆపరేటరు ఉంటాడు. రెండు కార్బన్ కడ్డీల మధ్య ఎంత ఎడం ఉంచితే వెలుగు నిలకడగా ఉంటుందో, రీలు అయిపోయేలోగా రెండో ప్రొజెక్టరును ఎలా సిద్ధం చేసేవాడో అతని చేతులతో చూపించమనండి. మీ వృత్తికి తొలి బీజం వేసినవాళ్లలో అతనూ ఒకడు.

ఘాట్లను ఆలస్యం చేయకుండా తీసుకోండి. 2015 పుష్కరాలకు కోటిలింగాల ఘాట్‌ను బాగా విస్తరించారు, పాత మెట్లు ఎరిగినవాళ్లకు ఆ తేడా తెలుసు. మళ్లీ పుష్కరాలు 2027లో. పన్నెండేళ్లకోసారి ఒడ్డు రూపం మారుతూనే ఉంటుంది.

చోట్లను ఎంతసేపు తీయాలన్నదానికి లిథువేనియా నుంచి వెళ్లి న్యూయార్కులో స్థిరపడిన దర్శకుడు యోనస్ మెకాస్ చేసిన పని మంచి దారి చూపిస్తుంది. 1944లో ఊరు విడిచిన ఆయన 1971లో సెమెనిష్కియాయ్ అనే తన పల్లెకు తిరిగివెళ్లి, తల్లినీ అన్నదమ్ములనూ చేతిలో పట్టుకునే బోలెక్స్ కెమెరాతో చిన్నచిన్న తునకలుగా తీశాడు. పొడవైన వర్ణనా దృశ్యాలు లేవు, పొయ్యి దగ్గర తల్లి, నూతి నీళ్లు, గడ్డి, మనుషుల నవ్వులు ఉన్నాయి. చోటు కోసం పది సెకండ్ల తునకలు, మనిషి కోసం ఎడతెగని నిడివి: నేను పాటించే కొలత ఇది.

రైల్వే స్టేషన్లలో ట్రైపాడ్ వేసి తీయాలంటే రైల్వే అధికారుల ముందస్తు అనుమతి ఉండాలి. బడిలో తీయాలంటే ప్రధానోపాధ్యాయుల అనుమతితో పాటు ఫ్రేములో కనపడే పిల్లల తల్లిదండ్రుల అంగీకారం కూడా తీసుకోండి. బడికి సెలవున్న రోజున, మీతో చదువుకున్నవారితో ఖాళీ తరగతి గదిలో తీసుకోవడం ఇంకా సులువు. సంక్రాంతి కోడిపందేల దగ్గరికి కెమెరా తీసుకువెళ్లవద్దు. అవి చట్టవిరుద్ధం, మీ ఫుటేజీ రేపు మీ బావమరిది మీదే సాక్ష్యం అవుతుంది.

అడిగి తీయడం, అడిగి ఉంచుకోవడం

ఇంటివాళ్లే కదా అని అంగీకారం విషయంలో ఉదాసీనంగా ఉండకూడదు. తీసేముందు ఒకసారి, తీసింది చూపించిన తరువాత ఇంకోసారి అడగాలి. సినిమాగా బయటికి వెళ్లే అవకాశం ఉంటే తెలుగులో, సూటి మాటల్లో రాసిన ఒక పేజీ అంగీకారపత్రం చదివి వినిపించి సంతకం తీసుకోండి. ఆస్తి పంపకాలు, అప్పులు, జబ్బులు, కులాంతర వివాహాల మీద జరిగిన గొడవలు కబుర్లలో సహజంగా దొర్లుతాయి. మీరు మళ్లీ విమానం ఎక్కి వెళ్లిపోతారు, ఆ మాట అన్న పిన్ని మాత్రం అదే వీధిలో, అదే తోడికోడలి పక్కన బతకాలి. ఎవరైనా "అది తీసెయ్యి నాన్నా" అంటే కారణం అడగకుండా తీసేయండి. జ్ఞాపకం తడబడుతున్న పెద్దవాళ్ల విషయంలో వాళ్లను రోజూ చూసుకునేవారి అభిప్రాయమే ముఖ్యం. వాళ్లు తడబడిన క్షణాలు ఎంత బలమైన దృశ్యాలైనా, వాళ్ల గౌరవానికి భంగమనిపిస్తే పక్కన పెట్టేయాలి.

తీసిన ముక్కలను చుట్టాల వాట్సాప్ గ్రూపులో అప్పటికప్పుడు పెట్టవద్దు. ఒకసారి పెట్టిన తరువాత మీ మాట చెల్లదు.

తిరుగు ప్రయాణానికి ముందు

సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కె లో తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. ఆ లెక్కన ముందే రెండు హార్డ్ డిస్కులు తెచ్చుకుని, ఏ రోజుది ఆ రోజు రెండింటిలోకీ ఎక్కించండి. కరెంటు పోయే వేళలు ఉంటాయి కాబట్టి రాత్రి పడుకునే ముందు కాకుండా సాయంత్రమే ఈ పని ముగించడం నయం.

వెళ్లడానికి నాలుగైదు రోజుల ముందే చిత్రీకరణ ఆపేయండి. ఆ రోజుల్లో రెండు పనులున్నాయి. మొదటిది, అమ్మ పక్కన కూర్చుని మాటలు రాసుకోవడం. మనుషుల పేర్లు, వరసలు, పొలం గట్ల పేర్లు, మీకు తెలియని వాడుక మాటలు ఆవిడను అడిగి అక్కడికక్కడే రాసుకోకపోతే ఆరు నెలల తరువాత ఎడిటింగు గదిలో కూర్చుని ఫోనులో అడగవలసి వస్తుంది, ఫోనులో సగం వినపడదు. రెండోది, ఒక సాయంత్రం అందరినీ పిలిచి ఓ గంటసేపటి ముక్కలు ఇంట్లో టీవీ మీద వేసి చూపించడం. చూస్తూ వాళ్లు అనే మాటలు, దిద్దే తప్పులు, అడిగే ప్రశ్నలు రికార్డు చేసుకోండి. నేను పని చేసిన ఇంటి చిత్రాల్లో బాగా నిలిచిన మాటలు కొన్ని అలాంటి సాయంత్రాల్లోనే దొరికాయి.

ఒక డిస్కు మీతో చేతి సంచిలో రావాలి, రెండోది ఇంట్లోనే ఉండాలి. ఇంట్లో ఉంచే దాంట్లో ఫైళ్లన్నిటికీ తేదీ, చోటు, మనిషి పేరు తెలుగులోనే పెట్టండి. పెద్దవాళ్ల సంభాషణలను టీవీకి నేరుగా తగిలించి చూసుకోగలిగేలా విడిగా ఒక పెన్ డ్రైవ్‌లో ఇవ్వండి. వాడకుండా ఏళ్లతరబడి పడి ఉన్న డిస్కులు చెడిపోతాయి కాబట్టి, ఏడాదికోసారి కంప్యూటరుకు తగిలించి తెరుచుకుంటోందో లేదో చూసే పని తమ్ముడికో, మేనకోడలికో పేరుపెట్టి అప్పగించి రండి.